ఫోన్‌లో చూసిన ఆయిలు, బండిలో పోసిన ఆయిలు

(వానాకాలం పనుల ముందు సిరికొండలో జరిగిన మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో ఎప్పుడూ పసుపు ధర గురించి, వడ్ల కాంటాల గురించి, కరెంటు గురించి, మూతబడిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ట్రాక్టర్ ఆయిల్ గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. "గిది గూడ సంఘం ముచ్చటేనా?" అన్నారు. సంఘం ముచ్చటే. మందుబస్తా మీద పది రూపాయలు పెరిగితే మనం రోడ్డెక్కుతాం. తప్పు ఆయిల్ పోసి ఇంజన్ బోరుకు వస్తే, ఒక పంట మీద మిగిలే డబ్బు మొత్తం షెడ్డులో పెట్టి వస్తాం. దాన్ని మాత్రం మన నసీబు అనుకుని ఊరుకుంటాం. అది నసీబు కాదు. మనకు అందాల్సిన సమాచారం అందకపోవడం.

ముందు మా ఇంట్లో జరిగిన సంగతి చెప్తాం. మేము పాత ట్రాక్టర్ ఒకటి కొన్నాం. అమ్మినాయన బండి ఇచ్చాడు, కాగితాలు ఇచ్చాడు. బండితో వచ్చే పుస్తకం మాత్రం ఇవ్వలేదు, ఎప్పుడో పోయిందన్నాడు. సర్వీసు సమయం వచ్చింది. ఇంజన్ ఆయిలుతో పాటు వెనక గేర్‌బాక్సు ఆయిలు కూడా మార్చాలి. మా అబ్బాయి ఫోన్ తీసి కంపెనీ వెబ్‌సైటులో బండి పేరు కొట్టాడు. "బాపూ, సైట్ల గిదే ఉన్నది" అని చూపించాడు. పేరు అదే, ఫోటో అదే, రంగు అదే. అందులో ఉన్న ఆయిలే దుకాణంలో అడిగి తెచ్చి పోశాం.

నెల తిరగకముందే బ్రేకు తొక్కితే కూత మొదలైంది. లిఫ్టు బరువుగా లేస్తున్నది. దుమ్ము పట్టిందేమో అనుకున్నాం. ఫాల్గుణంలో పసుపు బస్తాలు వేసుకుని నిజామాబాద్ మార్కెట్‌కు పోతుంటే, దిగుడు మీద బ్రేకు పట్టలేదు. గేరు తగ్గించి, పక్కనున్న మట్టికట్టకు తగిలించి ఎట్లనో ఆపాడు మా అబ్బాయి. ట్రాలీ మీద ఇద్దరు కూలీలున్నారు. వాళ్లకు దెబ్బలు తగలలేదు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

మెకానిక్ విప్పి చూసి చెప్పాడు. ఆ పేరు మీద కంపెనీ రెండు రకాల బండ్లు అమ్మింది. ఒకదానికి పొడి బ్రేకులు, ఇంకోదానికి ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులు. మాది రెండో రకం. సైటులో ఉన్నది మొదటి రకం. మేము పోసింది ఈపీ-90 గేరు ఆయిలు. ఆయిల్ బ్రేకుల బండికి బ్రేకు, గేరు, హైడ్రాలిక్ మూడింటికీ పనికొచ్చే ట్రాన్స్‌మిషన్ ఆయిలు వేరే ఉంటుంది. గేరు ఆయిలు చిక్కగా ఉంటుంది. పళ్లు అరగకుండా కలిపే మందు అందులో వేరు. బ్రేకు పళ్లేలకు అది సరిపడదు. అవి పట్టాల్సిన చోట జారతాయి, కూత పెడతాయి. పళ్లేలు మార్చి, ఆయిలంతా కడిగి మళ్లీ పోసే సరికి ముప్పై వేల పైన అయింది.

సైటులో ఉన్నది అబద్ధం కాదు. అది వేరే బండికి నిజం. ఇవాళ మేము చెప్పదలచుకున్న మాట మొత్తం ఇందులోనే ఉంది.

ఆన్‌లైన్‌లో ఒకటి, నేల మీద ఒకటి ఉంటే ఏమవుతుందో తెలంగాణ రైతుకు కొత్తగా చెప్పనవసరం లేదు. 2020 అక్టోబర్‌లో ధరణి వచ్చింది. దున్నేది మనం, ఆన్‌లైన్‌లో పేరు ఇంకొకరిది. సర్వే నంబరు ఒకటి, విస్తీర్ణం ఇంకొకటి. దాన్ని సరిచేయించుకోవడానికి ఎన్ని ఆఫీసుల మెట్లెక్కామో మనకే తెలుసు. చివరికి 2025 ఏప్రిల్‌లో భూభారతి తెచ్చారు. తెర మీద కనబడిందల్లా నేల మీద నిజం కాదని మనం భూమి విషయంలో నేర్చుకున్నాం. బండి విషయంలో కూడా అదే పాఠం.

అయితే వెబ్‌సైటు చూడొద్దంటున్నామా? లేదు. చూడండి, కానీ అది ఏమిటో తెలుసుకుని చూడండి. కంపెనీ సైటు మొదటి పని బండి అమ్మడం. తెరవగానే ఫోటో, హార్స్‌పవర్, లోను, కిస్తీ, "మీ నంబరు ఇవ్వండి" అని ఉంటాయి. ఆయిల్ సంగతి ఎక్కడో లోపల ఉంటుంది, లేదా ఉండదు. ఆయిల్ కంపెనీ సైటులో "మీ బండికి ఏ ఆయిల్?" అని ఒక గడి ఉంటుంది. అది తన డబ్బాల్లోంచే ఒకటి చూపిస్తుంది. పక్క కంపెనీ డబ్బా చవకైనా, సరిపోయినా చెప్పదు. అది దాని వ్యాపారం. కోపం అక్కరలేదు, ఎరుక ఉంటే చాలు.

సైటు చూసేటప్పుడు నాలుగు చోట్ల మోసపోతాం.

ఒకటి, మా లెక్కనే పేరు ఒకటై బండి వేరే కావడం. అందుకే పేరుతో వెతకొద్దు. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, తయారైన సంవత్సరం రాసి పెట్టుకుని వాటితో అడగాలి.

రెండు, దేశం. పెద్ద కంపెనీలు అమెరికాలోనూ, యూరప్‌లోనూ అమ్ముతాయి. మన పిల్లలు ఇంగ్లిషులో కొడితే ఒక్కోసారి ఆ దేశపు పేజీ తెరుచుకుంటుంది. అక్కడ మంచు కురిసే చలిలో బండి స్టార్టు కావాలని పల్చటి ఆయిలు రాస్తారు. మనకు రోహిణికార్తెలో 44, 45 డిగ్రీల ఎండ. ఆ పేజీ మనకు కాదు.

మూడు, కాలం. సైటులో ఇప్పుడు అమ్మే బండ్లే ఉంటాయి. మన దగ్గరున్న పదిహేనేళ్ల, ఇరవై ఏళ్ల బండ్లు అందులో లేవు. "దగ్గరి మోడల్" చూసి పోస్తే మా ఇంట్లో జరిగిందే జరుగుతుంది.

నాలుగు, పని. ఇన్ని గంటలకు ఆయిలు మార్చాలి అని సైటు ఒక లెక్క చెప్తుంది. చాలా బండ్లకు 250 గంటలని రాస్తారు. ఆ లెక్క సాధారణ పనికి. మన బండి కేజ్‌వీల్స్‌తో బురదలో దమ్ము చేస్తుంది, ఎండలో రోటవేటర్ వేస్తుంది, పసుపు పాలిష్ డ్రమ్ము తిప్పుతుంది. బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతబడ్డాక చెరకు బండ్లు దూరపు ఫ్యాక్టరీలకు లోడుతో పోవాల్సి వచ్చింది. దుమ్ములో, లోడులో తిరిగే బండికి ఆయిలు ముందే మార్చాలని అదే పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. సైటులో ఆ చిన్న అక్షరాలు కనబడవు.

మరి ఏది నమ్మాలి? మొదటి మాట బండితో వచ్చిన పుస్తకానిది. పుస్తకం బండికి పట్టా పాసుబుక్కు లాంటిది. పాత బండి కొనేటప్పుడు ఆర్‌సీ అడిగినట్టే పుస్తకం అడగండి. లేకుంటే డీలర్ దగ్గర మీ ఛాసిస్ నంబరు చెప్పి, ఆయిల్ రకం కాగితం మీద రాయించుకోండి. నోటి మాట వద్దు. కంపెనీ సైటులో ఆ పుస్తకమే మొత్తంగా దొరికితే, మీ సంవత్సరానిదేనా అని చూసి దించుకోండి. సైటుకు ఉన్న అసలు ఉపయోగం అదే.

పుస్తకంలో చూడాల్సింది బ్రాండు పేరు కాదు, రెండు గుర్తులు. ఇవి చదవడం వస్తే ఎవరూ మనల్ని మోసం చేయలేరు. పదో తరగతి చదివిన మాకే అర్థమయ్యాయి, మీకూ అవుతాయి.

మొదటిది చిక్కదనం గుర్తు. డబ్బా మీద 15డబ్ల్యూ-40 అనో, 20డబ్ల్యూ-40 అనో ఉంటుంది. డబ్ల్యూ అంటే ఇంగ్లిషులో చలికాలం. ముందున్న అంకె చలిలో ఆయిలు ఎంత తేలికగా పారుతుందో చెప్తుంది. వెనకనున్న 40 ఇంజన్ వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెప్తుంది. అంటే 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40 రెండూ వేడి మీద ఒకే తరగతి చిక్కదనం. "చిక్కటిది పోయి అన్నా, ఇంజన్‌కు బలం" అని దుకాణంలో చెప్తారు. అది అన్నిటికీ నిజం కాదు. పుస్తకం చెప్పినదానికంటే చిక్కనైతే పొద్దున స్టార్టు చేయగానే పైదాకా ఎక్కదు, పల్చనైతే వేడి మీద నిలవదు. మనలో కొందరి దగ్గర కార్లున్నాయి. కొత్త పెట్రోల్ కార్లలో చాలావాటికి 0డబ్ల్యూ-20 వంటి పల్చటి ఆయిల్ రాస్తున్నారు. వాటిలో ట్రాక్టర్ డబ్బాలో మిగిలింది పోయకండి. మోటార్ సైకిల్ సంగతి ఇంకోటి. చాలా బండ్లలో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది. అందుకే బైకు ఆయిల్ మీద జాసో ఎంఏ అనే గుర్తు చూడాలి. కారు ఆయిలు పోస్తే క్లచ్ జారే ప్రమాదముంది.

రెండోది తరగతి గుర్తు. ఏపీఐ అని, దాని పక్కన సీఎఫ్-4, సీఐ-4, సీకే-4 అని ఉంటుంది. సీ అక్షరంతో మొదలైతే డీజిల్ ఇంజన్‌కు, ఎస్‌తో మొదలైతే పెట్రోల్ ఇంజన్‌కు. రెండో అక్షరం ముందుకు పోతున్నకొద్దీ కొత్త తరగతి. సీఎఫ్-4 1990 నాటిది, సీఐ-4 2002లో వచ్చింది, సీకే-4 2016 చివర్లో వచ్చింది. పుస్తకంలో రాసిన తరగతి, లేదా పుస్తకం ఒప్పుకున్న పై తరగతి పోయవచ్చు. కింది తరగతి పోయొద్దు. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ పైబడిన ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. ఆ ఇంజన్లలో డీజిల్ కొట్టే పద్ధతే వేరు, పొగను శుభ్రం చేసే భాగాలు వేరు. వాటిలో పాత అలవాటు కొద్దీ ఏదో ఒకటి పోస్తే బిల్లు వేలల్లో కాదు, లక్షకు దగ్గరగా వస్తుంది.

ఈ రెండు గుర్తులూ, వెనక గేర్‌బాక్సుకు ఏ ఆయిలో ఆ పేరూ ఒక చిన్న రేకు మీద పెయింటుతో రాయించి టూల్‌బాక్సు మూతకు బిగించండి. మేము అట్ల చేశాం. ఇప్పుడు బండి ఎవరు నడిపినా, ఎవరు సర్వీసు చేసినా అడగాల్సిన పని లేదు.

ఆయిల్ కంపెనీ సైటును ఇక్కడ వాడుకోవచ్చు. మీరు కొనబోయే డబ్బా పేరు కొడితే దాని వివరాల పత్రం వస్తుంది. అందులో ఈ రెండు గుర్తులు ఉన్నాయా లేదా చూడండి. అంటే, ఏ ఆయిల్ పోయాలో సైటును అడగకండి. పుస్తకం చెప్పిన గుర్తులు ఈ డబ్బాలో ఉన్నాయా అని మాత్రం అడగండి. అడిగే ప్రశ్న మారితే అదే సైటు మనకు పనికొస్తుంది.

ఇంకో మాట. సైటు ఎంత మంచిదైనా డబ్బాలో ఏముందో చెప్పలేదు. నకిలీ విత్తనాలు చూశాం, నకిలీ మందులు చూశాం. ఆయిల్‌లోనూ ఉన్నాయి. వాడిన ఆయిల్‌ను వడబోసి పాత డబ్బాల్లో నింపి అమ్మేవాళ్లున్నారు. సీలు చూడండి, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూడండి. బిల్లు తప్పకుండా తీసుకోండి. ఖాళీ డబ్బా పాతసామాను వాళ్లకు అట్లనే వేయకండి, కత్తితో కోసి వేయండి. మన డబ్బాలోనే నకిలీ నింపి మళ్లీ మనకే అమ్ముతారు.

తీసిన ఆయిల్‌ను బోరు పక్కన, కాలువలో పారబోయొద్దు. అది నీళ్లలో కలిస్తే తాగేది మన పిల్లలు, మన పశువులే. 2024 ఏప్రిల్ నుంచి వాడిన ఆయిల్‌ను తిరిగి శుద్ధికి పంపించే బాధ్యత ఆయిల్ కంపెనీల మీద కూడా నిబంధనగా పెట్టారు. మండలంలో సేకరణ స్థలం పెట్టమని మనం అడగాలి.

పొద్దున్నే చేసే రెండు నిమిషాల పని ఏ వెబ్‌సైటూ మన బదులు చేయదు. బండిని చదును నేల మీద పెట్టి, స్టార్టు చేయకముందు గేజీ తీసి చూడాలి. ఆయిలు పాలలెక్క తెల్లబడితే నీళ్లు కలిసినట్టు. లెవెల్ తగ్గాల్సింది పెరిగి, డీజిల్ వాసన వస్తే డీజిల్ దిగుతున్నట్టు. అప్పుడు బండి తిప్పకుండా మెకానిక్‌ను పిలవండి. దుమ్ములో పని చేసిన రోజు ఎయిర్ ఫిల్టర్ చూడండి. ఫిల్టర్‌లోంచి దుమ్ము పోతుంటే ఎంత ఖరీదైన ఆయిలూ ఇంజన్‌ను కాపాడదు.

ఇక గ్యారంటీ సంగతి. "మా కంపెనీ ఆయిలే పోయాలి, వేరేది పోస్తే వారంటీ పోతుంది" అని కొత్త బండి కొన్నవాళ్లను కొన్ని షోరూముల్లో బెదిరిస్తున్నారు. వారంటీ కార్డులో ఏం రాసి ఉందో చూపించమనండి. పుస్తకం చెప్పిన గుర్తులున్న ఆయిలు, బిల్లుతో కొన్నాం, సమయానికి మార్చాం అని కాగితం చూపించగలిగితే మన మాటకు బలం ఉంటుంది. ఒక వస్తువు కొనాలంటే ఇంకో వస్తువు కూడా కొనాల్సిందేనని షరతు పెట్టడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వ్యాపార పద్ధతిగా చెప్తుంది. సొంత జీవనం కోసం బండి కొని తానే నడుపుకునేవాడు కూడా ఆ చట్టం కింద వినియోగదారుడే. 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. నిజామాబాద్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వకీలు లేకుండానే వేసుకోవచ్చు. ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షల దాకా 200 రూపాయలు. రెండేళ్ల లోపు వేయాలి. దీనికంతటికీ బిల్లు కావాలి. అందుకే బిల్లు, బిల్లు అని ఇన్నిసార్లు అంటున్నాం.

ఇది సిరికొండ బాధ ఒక్కటే కాదు. అమెరికాలో వేల ఎకరాల రైతులు కూడా ఇదే కొట్లాట కొట్లాడుతున్నారు. వాళ్ల ట్రాక్టర్లలో కంప్యూటర్లున్నాయి. చిన్న రిపేరుకు కూడా కంపెనీ మనిషే రావాలి. రైతులు పోరాడితే 2023 జనవరిలో జాన్ డీర్ కంపెనీ అక్కడి ఫార్మ్ బ్యూరోతో ఒప్పందం రాసుకుంది. అదే ఏడాది కొలరాడో రాష్ట్రం రైతు తన యంత్రాన్ని తానే బాగు చేసుకునే హక్కుకు చట్టం చేసింది. ఒప్పందంతో తీరలేదు, 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వ వ్యాపార కమిషన్ ఆ కంపెనీ మీద కోర్టుకెక్కింది. మన దేశంలో 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. వ్యవసాయ యంత్రాలు కూడా అందులో ఉన్నాయి. ఆ ఏడాది డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ అనే పోర్టల్ తెరిచారు. మంచిదే. కానీ పోర్టల్ వేరు, చట్టం వేరు. ఆన్‌లైన్‌లో ఉంటే పని అయిపోయినట్టు కాదని ఇప్పుడే చెప్పుకున్నాం.

కాబట్టి సంఘం తరఫున నాలుగు డిమాండ్లు పెడుతున్నాం.

అమ్మే ప్రతి ట్రాక్టర్‌తో తెలుగులో పుస్తకం ఇవ్వాలి. లక్షలు పోసి కొనేవాడికి తన భాషలో నాలుగు పేజీలు ఇవ్వలేరా?

కంపెనీ సైటులో ఛాసిస్ నంబరు కొడితే ఆ బండికే సరిపడే ఆయిల్ వివరాలు రావాలి. అమ్మకం ఆపేసిన పాత మోడళ్లు కూడా ఉండాలి. తమ బ్రాండు పేరుతో సరిపెట్టకుండా, చిక్కదనం, తరగతి గుర్తులు రాయాలి.

సొసైటీల్లో ఎరువుతో పాటు నాణ్యమైన ఆయిల్ బిల్లుతో అమ్మాలి. దుకాణాల్లో నమూనాలు తీసి పరీక్ష చేయించాలి.

మరమ్మతు హక్కును పోర్టల్ దగ్గర ఆపకుండా చట్టం చేయాలి.

ఇవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. ప్రతి ఊళ్లో సంఘం కమిటీ ఒక నోటుబుక్కు పెట్టాలి. గడ్కోల్, తూంపల్లి, రావుట్ల, న్యావనంది, ఏ ఊరైనా సరే, ఊళ్లో ఉన్న ట్రాక్టర్లు ఎన్ని, ఏ మోడల్, ఏ సంవత్సరం, పొడి బ్రేకా ఆయిల్ బ్రేకా, పుస్తకంలో ఏ ఆయిల్ ఉంది, ఎన్ని గంటలకు మార్చారు, ఏం ఇబ్బంది వచ్చింది, అన్నీ రాయండి. పుస్తకం ఉన్నవాళ్లు లేనివాళ్లకు ఆ పేజీ ఫోటో తీసి ఇవ్వండి. చదువుకున్న పిల్లలు ఆ పని చేయాలి. ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంది కదా. ఆ రోజు సైటు చూసిన మా అబ్బాయే ఇప్పుడు మా ఊరి నోటుబుక్కు రాస్తున్నాడు. వాడిని మేము తిట్టలేదు. వాడు చూడటం తప్పు కాదు, చూసింది మన బండిదేనా అని మేమెవరమూ అడగకపోవడం తప్పు.

మృగశిర వస్తున్నది. దుక్కులకు బండ్లు బయటికి తీస్తారు. తీసేముందు ఒక పూట ఆగి టూల్‌బాక్సు తెరిచి పుస్తకం ఉందో లేదో చూడండి. లేనివాళ్లు ఇవాళే ఛాసిస్ నంబరు కమిటీకి ఇచ్చి పొండి. ట్రాలీ మీద కూర్చునేది మనవాళ్లే.

సెలవు.